పచ్చళ్ల కొట్టు ఫోన్‌లో దొరకాలంటే: గూగుల్, వాట్సాప్, ఇన్‌స్టా, ఈమెయిల్ ఏ వరుసలో పెట్టుకోవాలి

వ్యాపారాన్ని ఆన్‌లైన్‌లో పెట్టాలి అనుకోగానే చాలామంది ముందు లోగో చేయిస్తారు, ఇన్‌స్టాగ్రామ్‌లో పేజీ తెరుస్తారు, చుట్టాలందరి చేతా ఫాలో కొట్టిస్తారు. నెల తిరిగేసరికి లైకులు ఉంటాయి, ఆర్డర్లు మాత్రం ఉండవు. నా సలహా ఏమిటంటే, ఆ వరుసను తిరగేయండి. మీ దగ్గర ఉన్న సరుకు కోసం ఇప్పటికే ఎవరో ఒకరు ఫోన్‌లో వెతుకుతూనే ఉన్నారు. ముందు వాళ్లకు దొరకండి. దొరికినవాళ్లతో మాట్లాడి ఆర్డర్ రాసుకునే ఏర్పాటు చేసుకోండి. కొత్తవాళ్లను పిలవడం ఆ తర్వాత సంగతి.

ఉదాహరణకు తణుకులో ఒక పచ్చళ్ల కొట్టు ఉందనుకుందాం. ముందు గదిలో అమ్మకం, వెనక వంట. ఏడాది పొడుగునా ఆవకాయ, మాగాయ, గోంగూర, కందిపొడి. పండగలకు అరిసెలు, సున్నుండలు. మీది టైలరింగ్ షాపైనా, కరీంనగర్‌లో మిక్సీలు బాగుచేసే కొట్టైనా పద్ధతి ఇదే. సరుకు పేర్లు మార్చుకుంటే చాలు.

ముందు ఒక కాగితం, ఒక జీమెయిల్

కొట్టు పేరు, అడ్రసు, ఫోన్ నంబరు, తెరిచే వేళలు ఒక కాగితం మీద రాయండి. పేరు తెలుగులో ఎలా రాస్తారో, ఇంగ్లీషులో ఏ స్పెల్లింగ్ వాడతారో ఇప్పుడే తేల్చుకోండి. బోర్డు మీద ఒకటి, బిల్లు పుస్తకంలో ఒకటి, గూగుల్‌లో ఇంకొకటి ఉంటే అవి మూడు వేర్వేరు కొట్లేమో అని మనుషులకే అనుమానం వస్తుంది, ఇక గూగుల్ సంగతి చెప్పేదేముంది. ఇకపై ఎక్కడ నింపినా ఈ కాగితం చూసే నింపండి.

తర్వాత వ్యాపారానికి విడిగా ఒక జీమెయిల్ తెరవండి. ఇది చిన్న పనిలా కనిపిస్తుంది కానీ అసలు తాళాలు ఇక్కడే ఉంటాయి. వీధిలో కంప్యూటర్ తెలిసిన కుర్రాడు సాయం చేస్తానని వచ్చి, తన సొంత మెయిల్‌తోనే అన్నీ తెరిచేసి, ఉద్యోగం వచ్చి బెంగళూరు వెళ్లిపోతాడు. ఆ తర్వాత కొట్టు వేళలు మార్చాలన్నా అతనికే ఫోన్ చేయాలి. ఎవరి సాయమైనా తీసుకోండి, కానీ మెయిల్ మాత్రం యజమాని పేరు మీద, రికవరీ నంబరు యజమాని ఫోన్ మీద ఉండాలి. టూ స్టెప్ వెరిఫికేషన్ (పాస్‌వర్డ్‌తో పాటు రెండో రుజువు కూడా అడిగే ఏర్పాటు) ఆన్ చేసి, ఫోన్ పోయినా లోపలికి వెళ్లడానికి అది ఇచ్చే బ్యాకప్ కోడ్‌లను ప్రింట్ తీసి బీరువాలో పెట్టండి. సాయం చేసేవాళ్లకు పాస్‌వర్డ్ ఇవ్వక్కర్లేదు. గూగుల్ ప్రొఫైల్‌కైనా ఫేస్‌బుక్ పేజీకైనా వాళ్లను మేనేజర్‌గా చేర్చవచ్చు, వద్దనుకున్న రోజు తీసేయవచ్చు.

మొదటి పని: గూగుల్‌లో దొరకడం

గూగుల్ సెర్చ్‌లో, మ్యాప్స్‌లో కొట్టు వివరాలు చూపించే పేజీ పేరు గూగుల్ బిజినెస్ ప్రొఫైల్. 2021 దాకా గూగుల్ మై బిజినెస్ అనేవారు. పూర్తిగా ఉచితం. మ్యాప్స్‌లో మీ కొట్టు పేరు కొట్టి చూడండి. మీకు తెలియకుండానే ఎవరో కస్టమర్ ఇప్పటికే పెట్టి ఉండొచ్చు. ఉంటే కొత్తది తెరవకుండా దాన్నే మీదని చెప్పి క్లెయిమ్ చేసుకోండి. రెండు ఉంటే రివ్యూలు రెండు చోట్లకీ చీలిపోతాయి. లేకపోతే కొత్తది తెరవండి.

పేరు దగ్గర బోర్డు మీద ఉన్నదే రాయాలి. పేరు పక్కన ‘తణుకులో బెస్ట్ హోమ్‌మేడ్ పికిల్స్’ అని తగిలిస్తే ఎక్కువమందికి కనిపిస్తుందని ఎవరైనా చెబితే వినకండి. అది గూగుల్ నిబంధనలకు విరుద్ధం, ప్రొఫైల్‌నే ఆపేసే ప్రమాదం ఉంది. మీరేం అమ్ముతారో చెప్పుకోవడానికి వేరే చోట్లున్నాయి. మెయిన్ కేటగిరీ ఒకటి, దానికి తోడు మరో తొమ్మిది దాకా కేటగిరీలు పెట్టుకోవచ్చు. వివరణకు 750 అక్షరాలు ఇస్తారు. కొట్టు లేకుండా ఇంట్లోనే చేసి పంపేవాళ్లయితే ఇంటి అడ్రసు దాచిపెట్టి, ఏయే ఊళ్లకు ఇస్తారో మాత్రం చూపించవచ్చు. ఇంటి మీదికి జనం రావడం ఇష్టం లేని ఆడవాళ్లకు ఇది బాగా పనికొస్తుంది.

వెరిఫికేషన్‌కు ఇప్పుడు ఎక్కువగా వీడియో అడుగుతున్నారు. దీనికి టెన్షన్ పడేవాళ్లే ఎక్కువ. పాత వీడియో అప్‌లోడ్ చేస్తే కుదరదు, అక్కడికక్కడ ఫోన్‌తో ఒకే ముక్కగా తీయాలి. వీధిలో నిలబడి మొదలుపెట్టండి. పక్కనున్న మెడికల్ షాపో, వీధి పేరున్న బోర్డో కనిపించనివ్వండి. నడుచుకుంటూ వచ్చి మీ బోర్డు చూపించండి. తాళం తీసి షట్టర్ ఎత్తండి. మీరే యజమాని అనడానికి అంతకన్నా సాక్ష్యం ఏముంటుంది? లోపలికి వెళ్లి జాడీలు, ప్యాకింగ్ బల్ల, గోడకున్న లైసెన్సు చూపించి ఆపేయండి. కనీసం అరనిమిషం ఉండాలి. ఒకటి రెండు నిమిషాలైతే అన్నీ నిదానంగా చూపించవచ్చు. ఆధార్, బ్యాంకు కాగితాలు, మనుషుల మొహాలు వీడియోలో పడకుండా చూసుకోండి. ముందురోజు ఫోన్ పట్టుకుని ఒకసారి ఉత్తినే నడిచి చూస్తే చేయి వణకదు.

ఓకే అయ్యాక అక్కడితో వదిలేయకండి. మ్యాప్‌లో పిన్ మీ గుమ్మం మీదే ఉందా, వెనక సందులో ఉందా చూసి జరపండి. మధ్యాహ్నం ఒంటిగంటకు మూసి నాలుగింటికి తెరిచే అలవాటుంటే వేళలు రెండు ముక్కలుగా పెట్టండి. సంక్రాంతికి, దసరాకు స్పెషల్ అవర్స్ విడిగా ఇవ్వవచ్చు. గూగుల్‌లో ‘ఓపెన్’ అని చూసి భీమవరం నుంచి వచ్చినవాడు మూసిన షట్టర్ ముందు నిలబడితే, ఆ రోజు వచ్చే రివ్యూ ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. ఫోటోల్లో బయటి బోర్డుది, లోపలిది, సరుకువి తప్పకుండా ఉండాలి. సరుకు ఫోటో నెట్‌లో నుంచి తీసి పెట్టకండి. మీ ఆవకాయ రంగు మీ ఆవకాయదే.

సరుకు పేర్లు తెలుగు లిపిలో, ఇంగ్లీషు అక్షరాల్లో, రెండింటిలోనూ రాయండి. గోంగూరను మనవాళ్లు ఫోన్‌లో తెలుగులో కొట్టేది తక్కువ. ఇంగ్లీషు అక్షరాల్లో ఎవరి స్పెల్లింగ్ వాళ్లదే. ప్రొఫైల్‌లోని పెర్ఫార్మెన్స్ పేజీ తెరిస్తే, జనం ఏ మాటలు కొట్టి మిమ్మల్ని చూశారో, ఎందరు ఫోన్ చేశారో, ఎందరు దారి అడిగారో కనిపిస్తుంది. అక్కడ ‘పిండివంటలు’ అన్న మాట తరచూ వస్తుంటే, మీరు పచ్చళ్ల ఫోటోలే పెట్టుకుని కూర్చోవడం ఎందుకు? గూగుల్ ట్రెండ్స్‌లో కూడా రెండు మూడు పేర్లు పక్కపక్కన కొట్టి, రాష్ట్రం ఎంచుకుని, ఏ నెలలో దేనికి వెతుకులాట పెరుగుతుందో చూడవచ్చు. పెరిగే వారానికి రెండు మూడు వారాల ముందే మీ ఫోటో, ధర సిద్ధంగా ఉండాలి.

ఇక రివ్యూలు. ప్రొఫైల్‌లో రివ్యూ లింకు, క్యూఆర్ కోడ్ దొరుకుతాయి. క్యూఆర్ ప్రింట్ తీసి గల్లాపెట్టె పక్కన అంటించండి. అడగడానికి మంచి సమయం రెండోసారి కొనడానికి వచ్చినప్పుడు. రుచి నచ్చే కదా మళ్లీ వచ్చారు. ‘ఏం కొన్నారో కూడా ఒక మాట రాయండి’ అని అడిగితే అందులో సరుకు పేరు కూడా పడుతుంది. డిస్కౌంట్ ఆశ చూపి రాయించడం మాత్రం నిషేధం. చెడ్డ రివ్యూ వస్తే ఆ పూట జవాబు రాయకండి, మర్నాడు రాయండి. ఇలా ఉంటే చాలు:

‘నమస్కారం అండి. మాగాయలో ఉప్పు ఎక్కువైందని రాశారు. మీరు తీసుకున్నది ఏ తేదీ ప్యాకో చెబితే ఆ జాడీ చూసుకుంటాం. బిల్లు నంబరు పంపండి, వేరే ప్యాకెట్ ఇస్తాం.’

వాదన వద్దు, ‘మీరు మా పోటీవాళ్లు పంపినవాళ్లు’ అనడం అసలే వద్దు. ఆ జవాబు చదివేది రాసినవాడొక్కడే కాదు, రేపు కొందామనుకుంటున్నవాళ్లు కూడా.

రెండో పని: వాట్సాప్ బిజినెస్

మామూలు వాట్సాప్‌లో ఆర్డర్లు తీసుకుంటుంటే పెళ్లి ఫోటోల మధ్య ఆర్డర్ మునిగిపోతుంది. వాట్సాప్ బిజినెస్ వేరే యాప్, ఉచితమే. ఒకే నంబరు రెండు యాప్‌లలోనూ నడవదు కాబట్టి కొట్టుకు విడిగా ఒక సిమ్ తీసుకోవడం మంచిది.

కేటలాగ్‌లో (యాప్‌లోనే ఉండే సరుకుల పట్టికలో) 500 దాకా వస్తువులు పెట్టవచ్చు కానీ ఎక్కువగా పోయే పదీ పన్నెండింటితో మొదలుపెట్టండి. పావుకిలో, అరకిలో, కిలో ధరలు మూడూ రాయండి. ‘ధరకు మెసేజ్ చేయండి’ అని రాసేవాళ్లు ఎందుకు రాస్తారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ధర తెలియని చోట సగం మంది వెనక్కి పోతారు. తినే సరుకు కాబట్టి ప్యాకెట్ మీద ఉండాల్సిన ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రతా సంస్థ) 14 అంకెల నంబరు ప్రొఫైల్‌లో కూడా రాస్తే కొత్తవాళ్లకు నమ్మకం.

రోజూ పదిసార్లు టైప్ చేసే జవాబులకు క్విక్ రిప్లైలు చేసుకోండి. 50 దాకా పెట్టుకోవచ్చు, నాలుగైదు చాలు. పార్శిల్ చార్జీ, డబ్బు పంపే వివరం, కొట్టుకు దారి, నిల్వ ఎన్నాళ్లు. ఒకటి మాత్రం తప్పనిసరి, ఆర్డర్ ఖాయం చేసే మెసేజ్:

‘మీ ఆర్డర్: ఆవకాయ కిలో (వెల్లుల్లి లేనిది), గోంగూర అరకిలో, కందిపొడి పావుకిలో. పార్శిల్ చార్జీతో మొత్తం ఇంత. పిన్‌కోడ్‌తో అడ్రసు పంపండి. అన్నీ సరిగ్గా ఉంటే ‘ఓకే’ అని పెట్టండి.’

పెద్దవాళ్లు చాలామంది వాయిస్ మెసేజ్ పంపుతారు. అందులో ‘మామూలుగా ఎప్పుడూ తీసుకునేదే బాబూ’ అని ఉంటుంది. విని వదిలేయకుండా పైన చెప్పినట్టు రాసి పంపండి. వెల్లుల్లి ఉన్నదా లేనిదా అన్న గొడవ సగం ఇక్కడే తీరిపోతుంది. లేబుళ్లు కూడా వాడండి: కొత్త ఆర్డర్, డబ్బు రావాలి, పంపేశాం. సాయంత్రం ‘డబ్బు రావాలి’ లేబుల్ ఒక్కటి తెరిస్తే ఎవరి లెక్క ఎక్కడుందో తెలిసిపోతుంది.

కొత్త సరుకు వచ్చిందని అందరికీ చెప్పడానికి గ్రూపు పెట్టకండి. ఒకరి నంబరు ఇంకొకరికి కనబడుతుంది, ఎవడో ఒకడు రాజకీయాలు మొదలుపెడతాడు. ఒకే మెసేజ్ అందరికీ విడివిడిగా వెళ్లే బ్రాడ్‌కాస్ట్ లిస్టు వాడండి. ఒక్కో లిస్టులో 256 మంది దాకా. కానీ మీ నంబరు తమ ఫోన్‌లో సేవ్ చేసుకున్నవాళ్లకే అది చేరుతుంది. అందుకని ప్రతి పార్శిల్‌లోనూ చిన్న చీటీ వేయండి: ‘కొత్తావకాయ కబురు కావాలంటే ఈ నంబరు సేవ్ చేసుకుని హాయ్ అని పెట్టండి.’ హాయ్ అన్నవాళ్లనే లిస్టులో వేయండి. అడగకుండా పంపితే బ్లాక్ చేస్తారు, రిపోర్ట్ కొడతారు. అలాంటివి ఎక్కువైతే నంబరే పోవచ్చు. నెలకు రెండు మూడు కబుర్లు మించనివ్వకండి. గుడ్ మార్నింగ్ పూలు అసలే వద్దు.

మూడో పని: ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్

ఇప్పుడు తెరవండి ఇన్‌స్టా. సెట్టింగ్స్‌లో ప్రొఫెషనల్ అకౌంట్‌కు మారితే ఎవరు చూస్తున్నారో, ఏ ఊరి వాళ్లో లెక్కలు కనిపిస్తాయి. బయోలో (పేరు కింద ఉండే పరిచయంలో) మూడే ముక్కలు: ఏం అమ్ముతారు, ఏ ఊరు, ఆర్డర్ ఎలా. వాట్సాప్ బిజినెస్‌లో మీ నంబరుకు ఒక చిన్న లింకు ఇస్తారు. దాన్ని ఇక్కడ పెడితే నొక్కినవాళ్లు నేరుగా మీ చాట్‌లోకి వస్తారు.

ఏం పోస్ట్ చేయాలి? శుభాకాంక్షల పోస్టర్లు మీ దగ్గరి నుంచి ఎవరికీ అక్కర్లేదు. మీ వెనక వంటగదిలో రోజూ జరిగేదే చూపించండి. కత్తిపీట మీద మామిడికాయ టెంకతో సహా రెండుగా తెగడం, ఆవపిండి, కారం, ఉప్పు కలిసిన గుండిగలో నూనె పోస్తుంటే రంగు మారడం, అరిసెను రెండు చెక్కల మధ్య నొక్కి నూనె పిండడం. ఫోన్ నిలువుగా పట్టుకుని, కిటికీ వెలుతురు పక్క నుంచి పడేలా, ఇరవై ముప్పై సెకన్ల చిన్న వీడియో (రీల్) చాలు. బిజినెస్ అకౌంట్లకు సినిమా పాటలన్నీ వాడుకునే వీలుండదు. కాబట్టి చేసేవాళ్ల గొంతే వినిపించండి: ‘ఇది కొత్తపల్లి కొబ్బరి రకం మామిడికాయండి, పులుపు బాగా పట్టి ఉంటుంది.’ మొహం చూపించడం ఇష్టం లేకపోతే చేతులు చాలు. కింద సరుకు పేరు, ఊరు, ధర రాసి, లొకేషన్ ట్యాగ్ చేయండి. వారానికి రెండు పోస్టులు పెట్టగలిగితే అవే పెట్టండి. రోజుకొకటి అని మొదలుపెట్టి పదో రోజున మానేయడం కన్నా అదే నయం.

కొత్తవాళ్ల మెసేజ్‌లు ఇన్‌బాక్స్‌లో కాకుండా ‘రిక్వెస్ట్స్’ అన్న చోట పడి ఉంటాయి. రోజూ అక్కడ ఒకసారి చూడండి, ఆర్డర్లు మూలుగుతుంటాయి.

డబ్బు పెట్టి బూస్ట్ చేయాలంటే (అంటే ఎక్కువమందికి కనిపించేలా ప్రకటనగా నడపాలంటే), ముందు ఉత్తినే పెట్టినప్పుడు జనం బాగా చూసిన పోస్టునే బూస్ట్ చేయండి. ఎవరూ చూడని పోస్టును డబ్బుతో లేపలేం. ఊరు, చుట్టుపక్కల ఎంత దూరమో ఎంచుకుని చిన్న మొత్తంతో మొదలుపెట్టండి. దాని మీద 18 శాతం జీఎస్టీ ఉంటుందని లెక్క వేసుకోండి. ఐఫోన్ యాప్‌లోంచి బూస్ట్ చేస్తే యాపిల్ వాటా కూడా పడుతుంది, బ్రౌజర్‌లోంచి చేస్తే ఆ ఖర్చు తప్పుతుంది. ఫలితాన్ని లైకులతో కొలవకండి, ఎన్ని మెసేజ్‌లు వచ్చాయో చూడండి. ఫాలోవర్లను కొనడం గురించి ఏం చెప్పాలి? వాళ్లు పచ్చడి తినరు.

ఫేస్‌బుక్‌ను తీసి పారేయకండి. యాభై దాటినవాళ్లు, ఊరి పేరు మీద నడిచే గ్రూపులు అక్కడే ఉన్నాయి. ఇన్‌స్టాలో పెట్టిందే అక్కడికి కూడా వెళ్లేలా రెండింటినీ కలిపేయవచ్చు.

నాలుగో పని: ఈమెయిల్

పక్క వీధివాళ్లు మెయిల్ రాయరు. కానీ దసరాకు స్టాఫ్ అందరికీ స్వీట్ బాక్సులు ఇవ్వాలనుకునే ఆఫీసు రాస్తుంది, కొటేషన్ అడుగుతుంది. హైదరాబాద్ సూపర్‌మార్కెట్ రాస్తుంది. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మనవాళ్లు మన రాత్రి వేళ రాస్తారు. మొదట్లో జీమెయిల్ చాలు. ఇలాంటి ఆర్డర్లు పెరిగాక కొట్టు పేరుతో ఒక డొమైన్ (సొంత ఇంటర్నెట్ చిరునామా) కొనుక్కోండి. దానికి మెయిల్ పెట్టుకోవడానికి గూగుల్ వర్క్‌స్పేస్ ఉంది, మన దేశపు జోహో కూడా ఉంది.

కొటేషన్ మెయిల్ పొట్టిగా ఉండాలి. సబ్జెక్టులోనే ‘200 స్వీట్ బాక్సులు, ధర, డెలివరీ తేదీ’ అని తెలియాలి. లోపల ధర, పన్ను, అడ్వాన్సు, ఎప్పటి దాకా ఈ ధర ఉంటుందో రాసి, ఫోన్ నంబరుతో ముగించండి. ఇలాంటివి జీమెయిల్‌లో టెంప్లేట్‌గా దాచుకోవచ్చు. ‘అన్‌డూ సెండ్’ 30 సెకన్లకు పెట్టుకోండి. అంకె తప్పు పడిందని పంపిన తర్వాతే కదా కనిపిస్తుంది.

ఒకేసారి చాలామందికి పంపాల్సిన సందర్భాలూ వస్తాయి. 2025 ఆగస్టు 29 నుంచి అమెరికా 800 డాలర్లలోపు పార్శిళ్లకు ఉన్న సుంకం మినహాయింపును ఎత్తేసింది. అదే సమయంలో మన పోస్టల్ శాఖ అమెరికా పార్శిళ్లను చాలావరకు ఆపేసి, అక్టోబరు 15న మళ్లీ మొదలుపెట్టింది. అలాంటప్పుడు ఏం మారింది, చార్జీ ఎంత పెరుగుతుంది, ఇప్పటికే ఇచ్చిన ఆర్డర్ ఏమవుతుంది అని ఒక్క మెయిల్ పంపితే, వందమందికి విడివిడిగా సర్దిచెప్పే బాధ తప్పుతుంది.

కొద్దిమందికైతే అడ్రసులన్నీ బీసీసీలో పెట్టండి, ఒకరివి ఒకరికి కనబడకుండా. మామూలు జీమెయిల్‌లో రోజుకు 500 మందికి మించి పంపనివ్వరు. అంతకు మించితే న్యూస్‌లెటర్ పంపే సర్వీసు తీసుకోవాలి. దాంట్లో పంపేవారి అడ్రసుగా జీమెయిల్ పెడితే స్పామ్‌లో పడే అవకాశం ఎక్కువ, సొంత డొమైన్ అడ్రసు పెట్టండి. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్ ఈ విషయంలో గట్టిగా ఉంటోంది. మెయిల్ నిజంగా మీ దగ్గరి నుంచే వచ్చిందని చూపించే ఎస్‌పీఎఫ్, డీకేఐఎం అనే సెట్టింగులు డొమైన్‌లో ఉండాలి. అవి మీరు పెట్టక్కర్లేదు, డొమైన్ అమ్మినవాళ్లనో మెయిల్ సర్వీసువాళ్లనో ఆ రెండు పేర్లు చెప్పి అడిగితే పెట్టిస్తారు. వద్దన్నవాళ్లు ఒక్క నొక్కుతో లిస్టు నుంచి బయటికి పోయేలా ‘అన్‌సబ్‌స్క్రైబ్’ లింకు ఉండాలి.

పనిలో పనిగా గూగుల్ అలర్ట్స్‌లో మీ కొట్టు పేరు ఇచ్చి ఉంచండి. ఎక్కడైనా కొత్తగా రాస్తే మీ మెయిల్‌కు కబురు వస్తుంది.

వారానికి అరగంట

వీటిలో ఏది పనిచేస్తోందో తెలియాలంటే పెద్ద సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. కొత్త మనిషి వచ్చినప్పుడు ‘మా కొట్టు ఎలా తెలిసిందండి?’ అని అడిగి, బిల్లు మూల ఒక అక్షరం వేయండి. గూగుల్‌కు ‘గూ’, వాట్సాప్‌కు ‘వా’, ఇన్‌స్టాకు ‘ఇ’, తెలిసినవాళ్లు చెబితే ‘తె’. ఆదివారం మధ్యాహ్నం కూర్చుని లెక్క చూడండి. మూడు నెలలైనా ‘ఇ’ కనబడకపోతే రీల్స్‌కు పెట్టే సమయం తగ్గించి, ‘తె’ ఎక్కువ ఉంటే పార్శిల్‌లో చీటీలు పెంచండి. ఆ అరగంటలోనే కొత్త రివ్యూలకు జవాబు, మారిన ధరలు, వచ్చే వారం సెలవు ఉంటే వేళలు సరిచేయడం కూడా అయిపోతాయి.

మోసాలు

నంబరు అందరికీ కనబడటం మొదలయ్యాక దొంగలకూ కనబడుతుంది. ‘గూగుల్ నుంచి మాట్లాడుతున్నాం, డబ్బు కట్టకపోతే మీ లిస్టింగ్ తీసేస్తాం’ అని ఫోన్ వస్తే పెట్టేయండి. ప్రొఫైల్‌కు గూగుల్ డబ్బు అడగదు. మొదటి పేజీలో మొదటి స్థానం గ్యారంటీ అనేవాళ్లు కూడా ఆ బాపతే.

ఇంకొకటి బాగా నడుస్తున్న పద్ధతి. ఆర్మీ క్యాంపు నుంచి అని చెప్పి ఇరవై కిలోల ఆర్డర్ ఇస్తారు, బేరం కూడా ఆడరు. యూనిఫాం ఫోటో, ఐడీ కార్డు పంపుతారు. డబ్బు పంపుతామంటూ ఒక క్యూఆర్ పంపి, స్కాన్ చేసి పిన్ కొట్టమంటారు. యూపీఐలో డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు, పిన్ కొడితే మీ డబ్బే పోతుంది. కొట్టులో ఫోన్ ఎత్తే ప్రతివాళ్లకూ ఇది చెప్పి ఉంచండి. డబ్బు వచ్చిందో లేదో కస్టమర్ పంపిన స్క్రీన్‌షాట్‌లో కాకుండా మీ బ్యాంకు యాప్‌లో చూసుకున్నాకే పార్శిల్ కట్టండి.

వాట్సాప్‌కు వచ్చే ఆరంకెల కోడ్ ఎవరికీ చెప్పకూడదు. సెట్టింగ్స్‌లో టూ స్టెప్ పిన్ పెట్టుకుంటే ఆ కోడ్ దొరికినా నంబరు పోదు. ఒకవేళ డబ్బు పోతే బ్యాంకు చుట్టూ తిరిగి ఆలస్యం చేయకుండా ముందు సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చేస్తే అవతలి ఖాతాలో ఆ సొమ్మును ఆపేసే వీలు అంత ఎక్కువ. చాట్, ఫోన్ నంబరు, లావాదేవీ నంబరు ఏవీ చెరిపేయకండి, ఫిర్యాదులో అవన్నీ అడుగుతారు.